లంబసింగి చలిలో మూడు రాత్రులు వాడాక, హ్యామాక్ కింద కట్టే అండర్‌క్విల్ట్ గురించి

ముందే చెప్పేస్తా, ఇది హ్యామాక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఉయ్యాల, దాని రివ్యూ కాదు. హ్యామాక్ కింద, బయటి వైపు కట్టుకునే బొంత లాంటిది ఒకటి ఉంటుంది, అండర్‌క్విల్ట్ అంటారు, దాని రివ్యూ. నేనుండేది వైజాగ్, శని ఆదివారాలు ఖాళీ దొరికితే బైక్ మీద ఏజెన్సీ వైపు వెళ్ళిపోతుంటా, టెంట్ కంటే రెండు చెట్ల మధ్య హ్యామాక్ కట్టుకుని పడుకోవడమే నాకు ఇష్టం, నేల ఎత్తుపల్లాలు, రాళ్ళు, తేమ, జెర్రులు ఏ గొడవా ఉండదు. నవంబర్ మొదట్లో వరకు బానే ఉంటుంది. డిసెంబర్ వచ్చిందంటే మాత్రం అసలు కష్టం మొదలు. దీనికి 6,900 పెట్టా, లంబసింగి చుట్టుపక్కల మూడు రాత్రులు వాడా, ఒక రాత్రి చలికి సరిగ్గా నిద్రే లేదు, మిగతా రెండు రాత్రులు హాయిగా పడుకున్నా. ఆ మొదటి రాత్రి ఏం తప్పు జరిగిందో తెలుసుకోవడమే దీన్ని వాడటంలో సగం పని, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తా.

కంపెనీ పేరు రాయట్లేదు. ఒకే కొలతలు, ఒకే కుట్టు, ఒకే బ్యాగు, పైన పేరు మాత్రం వేరు, ఇలా నాలుగైదు రకాలు ఆన్‌లైన్లో కనిపిస్తున్నాయి, నాది అందులో ఒకటి. కాబట్టి పేరు చూసి కాదు, పొడవు, లోపల దూది ఏం వాడారు, రెండు కొసల్లో తాళ్ళు ఎలా ఇచ్చారు, ఈ మూడూ చూసి కొనుక్కోండి.

అసలు ఇది కొనాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, అంతకు ముందు ఏడాది డిసెంబర్లో లంబసింగి వెళ్ళా. తెలియనివాళ్ళకి, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం, నర్సీపట్నం దాటాక ఘాట్ ఎక్కితే వస్తుంది, సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు, ఆంధ్రా కాశ్మీర్ అని పేరు. దీనికే కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడు అనే అర్థంలో. నా దగ్గర అప్పుడు మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది, సున్నా డిగ్రీల వరకు పనికొస్తుందని లేబుల్ మీద ఉంది, దాన్ని నమ్ముకుని కాఫీ తోట అంచున ఒక పెద్దాయన్ని అడిగి ఆయన స్థలంలో రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య హ్యామాక్ కట్టా. ఆయన చూసి "ఏటి బాబూ, ఉయ్యాల్లోనే పడుకుంటారేటి, తెల్లారేసరికి కర్రైపోగలరు" అన్నాడు. స్లీపింగ్ బ్యాగ్ చూపించి పర్లేదు తాతా అన్నా.

పదకొండు వరకు ఏం తెలీలేదు. ఒంటిగంటకి మెలకువ వచ్చింది, ఛాతీ మీద వెచ్చగానే ఉంది, పొట్ట వెచ్చగా ఉంది, వీపు మాత్రం చన్నీళ్ళలో ఆనించినట్టు జివ్వుమంటోంది, నడుం కింద, పిర్రల దగ్గర, భుజాల దగ్గర అయితే గడ్డ కట్టిన ఫీలింగ్. పక్కకి తిరిగితే ఆ పక్క చలి, ఇటు తిరిగితే ఇటు చలి. స్వెట్టర్ మీద జర్కిన్ వేసుకుని మళ్ళీ దూరా, పైన ఇంకా వెచ్చబడింది, కింద ఏ మార్పూ లేదు. మూడింటికి ఇక వల్ల కాక లేచి పెద్దాయన ఇంటి ముందు ఆరిపోయిన నెగడు దగ్గర బూడిద కెలికి, నిప్పు రాజేసుకుని తెల్లారేదాకా అక్కడే కూర్చున్నా, వేళ్ళు కొంకర్లు తిరిగిపోయి అగ్గిపుల్ల గీయడానికే చాలాసేపు పట్టింది. అక్కడే టెంట్లలో మామూలు రగ్గులు కప్పుకుని పడుకున్న కాలేజీ పిల్లలు నా కంటే హాయిగా నిద్రపోయారు, అది నాకు చాలా రోజులు మింగుడు పడలేదు, వాళ్ళ రగ్గు ఎంత, నా బ్యాగు ఎంత.

తర్వాత ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే విషయం మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిందే. ఎండాకాలం రాత్రుళ్ళు ఆరుబయట నులక మంచం మీద పరుపు లేకుండా ఎందుకు పడుకునేవాళ్ళం, కింద నుంచి గాలి ఆడుతుంది, వీపు చల్లబడుతుంది, అందుకే కదా. అదే మంచం చలికాలం లోపలికి తెచ్చుకున్నాక అమ్మమ్మ ముందు చేసే పని నులక మీద బొంత పరచడం, పైన కప్పుకునేది తర్వాత. చంటిపిల్ల ఉయ్యాల్లో కూడా అంతే, పాత చీరల మడతలు అడుగున వేసి ఆ పైన పడుకోబెడతారు. హ్యామాక్ అంటే ఆ నులక మంచమే, ఇంకా పల్చటి నైలాన్ గుడ్డ, చుట్టూ అన్ని వైపుల నుంచి గాలి.

మరి స్లీపింగ్ బ్యాగ్ కింద వైపు కూడా దూది ఉంది కదా అంటే, వెచ్చదనం ఇచ్చేది దూది కాదు, దూది మధ్యలో కదలకుండా ఆగిపోయే గాలి. మన ఒంటి బరువు పడగానే ఆ దూది అణిగిపోయి కాగితంలా అయిపోతుంది, గాలికి చోటే ఉండదు. నేల మీద టెంట్లో అయితే కింద మ్యాట్ ఉంటుంది, నేల కూడా గాలిలా నిమిష నిమిషానికి మారిపోదు కదా, హ్యామాక్‌లో అయితే అణిగిపోయిన ఆ కాగితం కింద చల్లగాలి తిరుగుతూనే ఉంటుంది, ఒంటి వేడిని ఎత్తుకుపోతూనే ఉంటుంది. అందుకే పైన ఎన్ని కప్పుకున్నా లాభం లేదు. లంబసింగి దాకా ఎందుకు, 20 డిగ్రీల దగ్గరే కింద ఏమీ లేకపోతే చాలామందికి వీపు చల్లగా తగులుతుంది, నాకు ఫిబ్రవరిలో అరకు దిగువన కూడా అలాగే అయింది. అండర్‌క్విల్ట్ ఐడియా ఇక్కడే, దూదిని మన బరువు పడని చోట, అంటే హ్యామాక్ గుడ్డకి బయట వేలాడదీస్తారు, అది అణగదు, పొంగుగా అలాగే ఉంటుంది.

కొనేముందు తక్కువ ఖర్చుతో అయిపోతుందేమో అని రెండు మూడు చేశా, అవి కూడా చెప్తా, కొందరికి అవే సరిపోవచ్చు. ఫోమ్ మ్యాట్, యోగా మ్యాట్ కంటే కొంచెం మందంగా గట్టిగా ఉండేది, హ్యామాక్ లోపల వేసుకుని పడుకున్నా. వెచ్చదనం విషయంలో నిజంగా పనిచేస్తుంది, నురుగు అణగదు కాబట్టి. కానీ అటు ఇటు దొర్లితే మ్యాట్ జారిపోతుంది, అర్ధరాత్రి చూస్తే మ్యాట్ ఒక పక్క నేనొక పక్క, పైగా భుజాలు మ్యాట్ వెడల్పు దాటి బయటికి వస్తాయి, అక్కడే చలి పట్టుకుంటుంది. ఇంకోటి, అది గాలి ఆడనివ్వదు, నిద్రలో కూడా ఒళ్ళు చెమ్మ వదులుతుంది, పొద్దున్న లేచేసరికి వీపు తడి. రెండు పొరల హ్యామాక్ ఉన్నవాళ్ళు ఆ పొరల మధ్య మ్యాట్ దూర్చుకుంటే జారడం చాలా తగ్గుతుంది, నాది ఒకే పొర. తర్వాత కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టే వెండి రంగు షీట్ వేసి చూశా, 15 డిగ్రీల దగ్గర పర్లేదు, పదికి దిగేసరికి చాల్లేదు, అదీ తడిసింది. లోపల మడతలు పెట్టి దుప్పట్లు పరిస్తే మళ్ళీ అణిగిపోయే కథే, బరువు పెరిగింది తప్ప ఒరిగిందేం లేదు.

ఇక సామాను సంగతి. బ్యాగుతో కలిపి 980 గ్రాములు తూగింది, మా కిరాణా కొట్టు కాటా మీద. పొడవు 5 అడుగులు, వెడల్పు నాలుగడుగుల చిల్లర, అంటే మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా వస్తుంది, కాళ్ళ దాకా రాదు. దీన్ని ముప్పావు సైజు అంటారు, ఫుల్ సైజు కూడా ఉంటాయి, బరువూ రేటూ ఎక్కువ. పైనా కిందా పల్చటి నైలాన్, లోపల పాలిస్టర్ దూది. పొడవు వైపు రెండు అంచుల్లోనూ ఎలాస్టిక్ తాడు పోతుంది, ఆ తాళ్ళ కొసలు హ్యామాక్ రెండు చివర్ల కొక్కేలకి తగిలించాలి. తల వైపు, కాళ్ళ వైపు అంచుల్లో ఇంకో సన్న తాడు, పైజామా బొందు లాగా, లాగితే ఆ మూతి ముడుచుకుంటుంది. ఈ బొందుల్ని చాలామంది పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు, మొదటి రాత్రి అంతా జరిగింది అక్కడే.

ఆ మొదటి రాత్రి. అదే తోట, అదే పెద్దాయన, ఈసారి చిన్న థర్మామీటర్ కూడా తీసుకెళ్ళి హ్యామాక్ పైన తాడుకి వేలాడదీశా. హ్యామాక్ కట్టి, దాని కింద అండర్‌క్విల్ట్ తగిలించి, బయట నుంచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది, అడుగున మెత్తగా పొంగుగా కనిపిస్తోంది. పడుకున్నా. పది నిమిషాలకే వీపుకి గాలి తెలుస్తోంది. అర్థం కాలేదు, ఇంత మందం బొంత కింద ఉండగా గాలి ఎక్కడ్నుంచి అని. పన్నెండింటికి 9 డిగ్రీలు, మూడింటికి 7, నేను ముడుచుకునే ఉన్నా, పోయినసారి అంత ఘోరం కాదు కానీ నిద్ర మాత్రం లేదు. మూడున్నరకి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, లోపల పడుకునే చెయ్యి బయటికి చాపి కింద తడిమి చూశా. నా వీపుకి, క్విల్ట్‌కి మధ్య నా పిడికిలి దూరేంత సందు ఉంది. ఆ సందులో తల వైపు నుంచి గాలి దూరి కాళ్ళ వైపు బయటికి పోతోంది. సొరంగంలా. అంటే 6,900 పెట్టి కొన్న బొంత నా కింద కాదు, నా కింద ఉన్న గాలికి కింద ఉంది.

లేచి రెండు చివర్లా ఎలాస్టిక్ ఒక్కో జానెడు బిగించా, మూతుల దగ్గర బొందులు లాగి ముడుచుకునేలా చేశా, మళ్ళీ పడుకున్నా. అతిశయం అనుకోకండి, ఐదు నిమిషాల్లో తేడా తెలిసింది, ముందు నడుం దగ్గర, తర్వాత భుజాల మధ్య, ఎవరో ఇస్త్రీ చేసిన గుడ్డ వెచ్చవెచ్చగా కింద పరిచినట్టు. నాలుగింటి నుంచి ఏడింటి దాకా కదలకుండా పడుకున్నా.

కాబట్టి కట్టే పద్ధతి కొంచెం వివరంగా రాస్తా, బాక్సులో వచ్చిన కాగితంలో ఇది లేదు, బొమ్మలు మాత్రం ఉన్నాయి. క్విల్ట్ బిగింపు ఎప్పుడూ మీరు లోపల పడుకున్నాకే చూసుకోవాలి, ఖాళీ హ్యామాక్‌కి బాగా అతుక్కున్నట్టు కనిపించేది మీ బరువు పడగానే మారిపోతుంది. క్విల్ట్ వీపుకి తగలాలి కానీ అదమకూడదు, లోపల్నుంచి ఒక వేలితో హ్యామాక్ గుడ్డని కిందకి నొక్కితే దూది మెత్తగా తగలాలి, సందు తగలకూడదు. మరీ లాగి కడితే మళ్ళీ దూది అణిగిపోతుంది, స్లీపింగ్ బ్యాగ్ కథే రిపీట్. తోడు ఎవరైనా ఉంటే మీరు పడుకున్నాక వాళ్ళని చెయ్యి పెట్టి మధ్యలో, భుజాల దగ్గర, తుంటి పక్కన చూడమనండి, ఒక్క నిమిషం పని. తర్వాత రెండు మూతులూ బొందులతో ముడవాలి, గుడ్డకీ క్విల్ట్‌కీ మధ్య వేలు దూరకుండా.

ఇంకో సంగతి, హ్యామాక్‌లో సరిగ్గా మధ్యలో పొడవునా, అరటిపండు లాగా వంగి పడుకోకూడదు, కొంచెం ఐమూలగా పడుకుంటే వీపు దాదాపు చదునుగా వస్తుంది. అలా పడుకున్నప్పుడు తల ఒక పక్కకి, కాళ్ళు ఇంకో పక్కకి వెళ్తాయి, క్విల్ట్ మాత్రం మధ్యలో తిన్నగా ఉండిపోతుంది, ఒక భుజం బయట పడుతుంది. క్విల్ట్‌ని తల వైపు మీరు తల పెట్టే పక్కకి, కాళ్ళ వైపు కాళ్ళు పెట్టే పక్కకి కొద్దిగా జరపండి. నేను ఎడమ భుజానికి చలి ఎందుకొస్తోందో కనుక్కోవడానికి రెండో రాత్రి దాకా పట్టింది.

హ్యామాక్ కట్టు కూడా సరిగ్గా ఉండాలి, మరీ బిగదీసి కడితే అంచులు మీదకి ముడుచుకుని భుజాలు నొక్కేస్తాయి, కింద క్విల్ట్ ఎంత సర్దినా కుదరదు. చెట్టు నుంచి వచ్చే స్ట్రాప్, అంటే హ్యామాక్‌ని చెట్టుకి కట్టే పట్టీ, అడ్డంగా తాడులా కాకుండా 30 డిగ్రీల వాలులో దిగాలి. ఆ వాలులో ఒక్కో వైపు స్ట్రాప్ మీద పడే లాగుడు దాదాపు మీ పూర్తి బరువుతో సమానం, 10 డిగ్రీలకి బిగిస్తే అది మూడింతలకి దగ్గరవుతుంది, సన్న చెట్లయితే వంగిపోతాయి, కుట్లు కూడా తెగుతాయి. నాది 11 అడుగుల హ్యామాక్, రెండు కొసల మధ్య పైన ఒక తాడు తొమ్మిది అడుగుల పైచిలుకు పొడవుతో కట్టేశా, హ్యామాక్ పొడవులో 83 శాతం పెట్టుకోమంటారు, దాంతో ఎక్కడ కట్టినా ఒకే వంపు వస్తుంది, క్విల్ట్ ప్రతిసారీ మొదటి నుంచి సర్దక్కర్లేదు. చలికాలంలో ఈ తాడు మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

రెండో రాత్రి ఇవన్నీ చూసుకుని పడుకున్నా. తెల్లవారుజామున 5 డిగ్రీలు చూపించింది. పైన అదే పాత స్లీపింగ్ బ్యాగ్, కానీ ఈసారి జిప్పు పూర్తిగా తెరిచి దుప్పటిలా కప్పుకున్నా, కాళ్ళ దగ్గర మాత్రం సంచీలా ఉంచా, కింద పని క్విల్ట్ చూసుకుంటోంది కాబట్టి వీపు కింద బ్యాగు అక్కర్లేదు. లోపల థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాప్. వీపు ఒక్కసారి కూడా చల్లబడలేదు. మోకాళ్ళ కింద మాత్రం చలి తెలిసింది, ముప్పావు సైజు కదా, అది ముందే అనుకున్నా, పాత ఫోమ్ మ్యాట్ ముక్క కోసి పిక్కల కింద, మడమల కింద వేసుకున్నా, సరిపోయింది. ఆ ముక్క పగలు కూర్చోడానికి కూడా పనికొస్తుంది.

మూడో రాత్రి వేరే చోటు, తాజంగి రిజర్వాయర్ వైపు నుంచి కాస్త పైకి, వాలు మీద. లోయ అడుగున నీళ్ళ పక్కన చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ రాత్రి చల్లగాలి బరువెక్కి నీళ్ళలా కిందకే జారుతుంది, అందుకే అడుగున చలీ ఎక్కువ, మంచూ ఎక్కువ, కాస్త పైన వాలు మీద రెండు మూడు డిగ్రీలు నయం. ఆ రాత్రి 9 కంటే తగ్గలేదు, కానీ గాలి ఉంది, 5 డిగ్రీల గాలి లేని రాత్రి కంటే అదే ఎక్కువ పరీక్ష పెట్టింది. క్విల్ట్ బయటి గుడ్డ పల్చటిది, గాలి విసిరినప్పుడల్లా ఆ పక్క కొంచెం చల్లబడేది. టార్ప్‌ని, అంటే హ్యామాక్ పైన కప్పులా కట్టే షీట్‌ని, గాలి వచ్చే వైపు బాగా కిందకి, దాదాపు గడ్డి తగిలేంత కిందకి దింపి కట్టాక ఆ ఇబ్బంది పోయింది. టార్ప్ అంటే వాన కోసమే అనుకునేవాణ్ణి, చలికాలంలో అది గోడ.

మంచు గురించి ఒక మాట, అక్కడ పొగమంచు అంటే చూడ్డానికి మాత్రమే కాదు, తెల్లారేసరికి ఆకుల నుంచి టపటపా చుక్కలు పడుతుంటాయి. టార్ప్ లేకపోతే క్విల్ట్ తడిసిపోతుంది. ఉన్నా కూడా బయటి గుడ్డ మీద చెమ్మ పట్టింది, కానీ లోపల పాలిస్టర్ కాబట్టి పొంగు తగ్గలేదు. మా పిన్ని కొడుకు అట్లాంటాలో ఉంటాడు, అక్కడి పొడవాటి నడక దారి అపలాచియన్ ట్రైల్ దక్షిణపు కొస స్ప్రింగర్ మౌంటెన్ వాళ్ళకి దగ్గరే, వాడు బాతు ఈకల అండర్‌క్విల్ట్ వాడతాడు, బరువు నాదాంట్లో సగం, ఇంకా వెచ్చగా కూడా ఉంటుందంటాడు, నిజమే, కానీ ఈక తడిస్తే ముద్దయిపోతుంది, మళ్ళీ ఆరాలంటే చాలా టైం. మన ఏజెన్సీ మంచుకి, బైక్ మీద పెట్టుకుని తిరిగే నాలాంటి వాళ్ళకి పాలిస్టరే మంచిదని నా అభిప్రాయం. ఎక్కడైనా సరే, పొద్దున్నే మడిచి బ్యాగులో కుక్కేయకండి, ఎండ వచ్చేదాకా ఆగి అరగంట ఆరేయండి, లంబసింగిలో సూర్యుడు మంచు చీల్చుకుని రావడానికి తొమ్మిది దాటిపోతుంది, టిఫిన్ అయ్యేలోపు ఆరిపోతుంది.

ఇప్పుడు లోపాలు. అమ్మేవాళ్ళ పేజీలో మైనస్ 5 వరకు అని రాశారు, అది నేను నమ్మను. స్లీపింగ్ బ్యాగులకి ఐఎస్ఓ 23537 అని ఒక పరీక్ష పద్ధతి ఉంది, అందులో కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టే చలి) ఒక అంకె, లిమిట్ (ఎలాగోలా ఓర్చుకోగలిగే చలి) ఒక అంకె వేరువేరుగా ఇస్తారు, అండర్‌క్విల్ట్‌లకి అలాంటి పరీక్షేం లేదు, ఎవరిష్టం వచ్చిన అంకె వాళ్ళు వేసుకోవచ్చు. నా ఒంటికి 5 డిగ్రీల దగ్గర హాయిగా ఉంది, రెండు దాకా లాగొచ్చేమో, సున్నాకి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం వెళ్ళను. చలి ఎక్కువ తగిలే ఒళ్ళయితే పేజీలో ఉన్న అంకెకి ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కలుపుకుని చూసుకోండి.

ప్లాస్టిక్ కొక్కేల్లో ఒకటి రెండో రాత్రికే విరిగింది, ఆ చలికి పెళుసుబారిందో, ముందే పగులు ఉందో. మెసేజ్ పెడితే పదిహేడు రోజులకి జవాబు వచ్చింది, కొక్కెం పంపలేదు, ఐదు శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు, ఇది నాకు చాలా బాధనిపించింది, అర్ధరాత్రి అడవిలో కొక్కెం విరిగితే మనిషి పరిస్థితి ఏంటని ఆలోచించాలి కదా. నర్సీపట్నంలో హార్డ్‌వేర్ షాపులో చిన్న స్టీల్ కొక్కేలు నాలుగు కొని మొత్తం మార్చేశా. మీరు ఏది కొన్నా ఇంటికి రాగానే ఈ పని చేసేయండి. ఎలాస్టిక్ కూడా ఒక మూల అప్పుడే సాగుతోంది. కుట్లు మాత్రం బాగున్నాయి, దూది ఒక చోటకి పోగవ్వకుండా గళ్ళు గళ్ళుగా కుట్టారు.

క్విల్ట్‌తో పాటు చేసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి లేకుండా ఏ క్విల్టూ పూర్తిగా కాపాడదు. పడుకునే ముందు కడుపు నిండా తినండి, నేను రాత్రి రాగి సంకటి లాంటిది తిని, పడుకునేటప్పుడు ఒక గుప్పెడు వేరుశనగ పప్పు బెల్లం తింటా. పగలంతా చెమట పట్టిన బట్టలు అలాగే వేసుకుని పడుకోకండి, ముఖ్యంగా కాటన్ బనియన్, తడి పట్టుకుని వదలదు. స్టీల్ సీసాలో వేడినీళ్ళు పోసి మూత గట్టిగా బిగించి పాత సాక్స్ తొడిగి తొడల మధ్య పెట్టుకుంటే రెండు మూడు గంటలు నెగడు పక్కనున్నట్టే, లోపల గోడ ఒక్కటే ఉన్న సీసా అవ్వాలి, ఫ్లాస్క్ అయితే వేడి బయటికి రాదు. ఒంటేలు వస్తే బద్ధకించకుండా లేచి వెళ్ళి రండి, ఆపుకుని పడుకుంటే నిద్రా ఉండదు, చలీ తగ్గదు.

దయచేసి ఒకటి మాత్రం చేయకండి, హ్యామాక్ కింద బొగ్గుల కుంపటి పెట్టుకోవడం. అక్కడ ఒక బ్యాచ్ టార్ప్ నాలుగు వైపులా నేలకి దింపేసి లోపల కుంపటి పెట్టుకోబోతుంటే పెద్దాయనే వెళ్ళి తీయించాడు. నైలాన్ మీద ఒక్క రవ్వ పడితే చిల్లు, అది పెద్ద విషయం కాదు, మూసేసిన చోట బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. టెంట్ అయినా, గది అయినా అంతే.

చెట్ల విషయం కూడా. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగ పాకించి ఉంటారు, అది వాళ్ళ రాబడి, తీగ ఉన్న చెట్టుకి స్ట్రాప్ చుట్టకండి, తీగ నలిగితే ఆ కొమ్మ పోయినట్టే. తీగ లేని చెట్టు చూపించమని అడిగితే వాళ్ళే చూపిస్తారు. తాడు కాకుండా కనీసం అంగుళం వెడల్పు పట్టీ వాడండి, బెరడు తెగదు.

ఎవరు కొనాలి అంటే, డిసెంబర్ జనవరిలో లంబసింగి, అరకు, వనజంగి వైపు, లేదా ఆదిలాబాద్ అడవుల వైపు హ్యామాక్‌లోనే పడుకోవాలనుకునేవాళ్ళు. ఏడాదికి ఒక్క రాత్రి వెళ్ళేవాళ్ళు, వైజాగ్ చుట్టుపక్కల బీచ్ దగ్గర కట్టుకునేవాళ్ళు కొనక్కర్లేదు, మంచి ఫోమ్ మ్యాట్ చాలు. రేటుకి న్యాయం చేసిందా అంటే చేసింది, ఐదుకి మూడున్నర ఇస్తా, ఆ కొక్కేలు, ఆ జవాబు లేకపోతే నాలుగు ఇచ్చేవాణ్ణి.

మూడో రాత్రి అయ్యాక తిరిగి వస్తూ పెద్దాయన దగ్గర టీ తాగడానికి ఆగా. క్విల్ట్ ఇంకా కొంచెం చెమ్మగా ఉందని వాళ్ళ కంచె మీద ఆరేస్తే ఆయన వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు, బొందు లాగి చూశాడు, "బొంతే కదా ఇది, ఉయ్యాలకి బయట కట్టీసినారు" అన్నాడు. ఎంతయింది అని అడిగితే చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. వాళ్ళావిడని పిలిచి చూపిస్తే ఆవిడ కుట్లు లెక్కపెట్టినట్టు వేళ్ళతో తడిమి, పాత చీరలు కాకుండా బూరుగు దూది పెట్టి కుడితే ఇంకా వెచ్చగా ఉంటుంది అంది. కొలతలు ఒక కాగితం మీద రాసి ఇచ్చా, 5 అడుగులు, 4 అడుగులు, చుట్టూ తాడు పోయేలా గొట్టం కుట్టు, దూది ముద్ద కట్టకుండా గళ్ళు. నైలాన్ గుడ్డ వైజాగ్ నుంచి నేను పంపిస్తా అన్నా. సంక్రాంతి అయ్యాక కుట్టి పెడతా అంది, అది తెచ్చుకుని రెండూ ఒకే రాత్రి మార్చి మార్చి పడుకుని చూసి, ఆ లెక్క కూడా ఇక్కడే కింద రాస్తా.